సొంతంగా బిగించుకున్న డెస్క్‌టాప్‌కి తెగకుండా నిలబడే వైఫై అడాప్టర్ ఏది? యూఎస్‌బీది మీటింగ్ మధ్యలో పోతోంది

కొత్తబిల్డర్
పార్టులన్నీ నేనే ఎంచుకుని, నేనే బిగించుకున్న మొదటి డెస్క్‌టాప్ ఇది. మొదటిసారి ఆన్ అయిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మదర్‌బోర్డు కొనేటప్పుడు ప్రాసెసర్‌కి సరిపోతుందా, ర్యామ్ పడుతుందా అని చూశాను గానీ వైఫై ఉందో లేదో చూడలేదు. తీరా చూస్తే లేదు. రౌటర్ ముందు గదిలో ఉంది, నా టేబుల్ చివరి గదిలో. మధ్యలో రెండు గోడలు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు చిల్లు పెట్టనివ్వరు.

గోరంత యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి తెచ్చి వెనక గుచ్చాను. డబ్బా మీద 600 ఎంబీపీఎస్ అని ఉంది. స్పీడ్ టెస్టులో 40 దాటడం లేదు. దానికైనా సర్దుకుపోతాను గానీ, వీడియో మీటింగ్‌లో పావుగంటకోసారి తెగుతోంది. పది పదిహేను సెకన్లు పోయి మళ్లీ వస్తుంది. నిన్న ఇంటర్వ్యూలో రెండుసార్లు అలాగే పోయింది. రెండోసారి తిరిగొచ్చేసరికి వాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. చాలా బాధేసింది.

ఫోన్‌ని అదే టేబుల్ మీద పెడితే 150 వస్తోంది, ఒక్కసారీ తెగదు. నాకు స్పీడు ఎక్కువ అక్కర్లేదు, తెగకపోతే చాలు. ఏది కొనాలి?

స్క్రూడ్రైవర్
బోర్డులో ఖాళీ స్లాట్లు ఏమున్నాయి? కేసు ఎక్కడ పెట్టారు? అడాప్టర్ ఏ రంగు పోర్టులో ఉంది? విండోసా, లినక్సా? ఇవి తెలియకుండా ఏది కొనమని చెప్పినా చీకట్లో రాయి వేసినట్టే.

రాగితీగ
వైరు. ఇంకేమీ వద్దు. చిల్లు పెట్టక్కర్లేదు, పల్చటి ఫ్లాట్ కేబుల్ దొరుకుతుంది, తలుపు కింద నుంచి పోతుంది, గోడ అంచున అతికించుకుంటే కనపడదు. ఇంటర్వ్యూలు ఇచ్చే మనిషికి గాలిలో వచ్చే సిగ్నల్ మీద ఆధారపడమని నేనైతే చెప్పను.

కొత్తబిల్డర్
@స్క్రూడ్రైవర్ విండోస్ 11. బోర్డు మీద చిన్న పీసీఐఈ స్లాట్లు (అదనపు కార్డులు గుచ్చే చోట్లు) రెండు ఉన్నాయి. ఒకటి గ్రాఫిక్స్ కార్డు కింద మూసుకుపోయింది, పైది ఖాళీగా ఉంది. కేసు టేబుల్ కింద, గోడ మూలకు ఉంది. అడాప్టర్ వెనక నీలం పోర్టులో పెట్టాను. దాని పక్క పోర్టులో బయటి హార్డ్‌డిస్క్ ఎప్పుడూ ఉంటుంది.

@రాగితీగ రెండు తలుపులూ గడప ఉన్నవే, మూస్తే కాగితం కూడా దూరదు. దారి పొడుగునా పిల్లలు పరిగెడుతుంటారు. అందుకే అడుగుతున్నా.

యాంటెన్నా_అన్న
ఇప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంది. కొత్తది కొనే ముందు ఉన్నదానికి ఏం జరుగుతోందో తెలుసుకో తమ్ముడూ, లేకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

మొదటిది, ఆ 600. నీ అడాప్టర్‌కి రెండు బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే రెండు పౌనఃపున్యాల దారులు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 150, 5 గిగాహెర్ట్జ్‌లో 433, రెండూ కలిపి పైకి సర్ది 600 అని వేస్తారు. ఒక సమయంలో నువ్వు వాడేది ఒక్క బ్యాండే కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ రాదు. 433 అన్నా అది గాలిలో లింకు వేగం, చేతికొచ్చేది అందులో సగం, మహా అయితే కాస్త ఎక్కువ. 433 అని ఉందంటే దానికి యాంటెన్నా ఒక్కటే అని కూడా అర్థం. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు ఉంటాయి.

రెండోది, అది ఉన్న చోటు. కేసు అంటే ఇనుప డబ్బా. డబ్బా వెనక, గోడకు ఆనించి, నేలకు దగ్గరగా, వేలి కొనంత యాంటెన్నా. రౌటర్ వైపు నుంచి వచ్చే సిగ్నల్ రెండు గోడలు దాటి, ఆ డబ్బాని చుట్టుకుని దాని దగ్గరకు చేరాలి. ఫోన్ టేబుల్ పైన ఉంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

మూడోది అసలు దొంగ. నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3. ఆ పోర్టులో 5 గిగాబిట్ల వేగంతో డేటా నడుస్తుంటే పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పత్రం వేశారు. నీ హార్డ్‌డిస్క్ పక్క పోర్టులోనే ఉందన్నావు. అది తిరిగినప్పుడల్లా అడాప్టర్ చెవి దగ్గర డప్పు కొట్టినట్టే. 5 గిగాహెర్ట్జ్ మీద ఈ దెబ్బ తక్కువ. నీ అడాప్టర్ ఏ బ్యాండు మీద ఉందో చూడు.

నిశాచరి
హార్డ్‌డిస్క్ సంగతి నూటికి నూరు నిజం. నాకైతే వైర్‌లెస్ మౌస్ మీద కనపడింది. బ్యాకప్ మొదలెట్టగానే మౌస్ బాణం తడబడేది, ఆపగానే బాగయ్యేది. నెలరోజులు మౌస్ పాడైందనుకున్నా. దాని చిన్న రిసీవర్‌ని తీసి ముందువైపు పోర్టులో పెట్టాక మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కొత్తబిల్డర్
చూశాను. 2.4 మీదే ఉంది! రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు, అదే ఎంచుకుంటోంది.

స్క్రూడ్రైవర్
ఈరోజే చేయదగ్గవి కొన్ని ఉన్నాయి, కొనేదేమీ లేదు, ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తప్ప. అడాప్టర్‌ని నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులోకి మార్చి, వైరుతో టేబుల్ మీదకు తీసుకురండి. నీ అడాప్టర్ స్థాయికి యూఎస్‌బీ 2 చాలు, దాని హద్దు 480, నువ్వు వాడేది అందులో సగం కూడా లేదు. తర్వాత డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ వస్తుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే గడిలో టిక్కు తీసెయ్యండి. పక్కనే అడ్వాన్స్‌డ్ పేజీలో ప్రిఫర్డ్ బ్యాండ్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టండి. ఆ వరస లేకపోతే రౌటర్‌లో 5కి వేరే పేరు పెట్టి దానికే కలపండి.

పెంగ్విన్‌ప్రియ
ఇంకోటి. తెగుతున్నది వైఫైయా, ఇంటర్నెట్టా అన్నది తేల్చుకోండి. కమాండ్ విండోలు రెండు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రసుకి, రెండోదాంట్లో బయటి అడ్రసు దేనికైనా ఆపకుండా పింగ్ (అవతల నుంచి జవాబు వస్తోందా అని చూసే చిన్న సందేశం) పెట్టండి. మీటింగ్ జారినప్పుడు రెండూ ఆగితే తప్పు మీ గదికీ రౌటర్‌కీ మధ్య. బయటిదే ఆగితే ఎంత మంచి అడాప్టర్ కొన్నా లాభం లేదు. ఈ పరీక్ష చెయ్యకుండా మా అన్నయ్య రెండు అడాప్టర్లు మార్చాడు. చివరికి తప్పు బయటి లైనుదని తేలింది.

రాగితీగ
@పెంగ్విన్‌ప్రియ మంచి మాట. అయితే ఇక్కడ ఫోన్ తెగట్లేదు కాబట్టి బయటి లైను కాకపోవచ్చు.

ఛానెల్_36
రౌటర్ 5లో డీఎఫ్‌ఎస్ ఛానెల్ (రాడార్లు కూడా వాడేది) మీద ఉందేమో చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్ వినపడితే రౌటర్ ఆ ఛానెల్ వదిలి వెళ్లిపోవాలి, అది నియమం. మా ఇంట్లో అలాగే పోయేది, 36 పెట్టాక ఆగింది.

యాంటెన్నా_అన్న
@ఛానెల్_36 నీ పేరు ఎందుకు అలా ఉందో ఇప్పుడు తెలిసింది :) కానీ తమ్ముడిది 2.4 మీద ఉంది, అక్కడ డీఎఫ్‌ఎస్ గొడవ లేదు. 5కి మారాక ఏమైనా తేడా వస్తే అప్పుడు చూద్దాం.

కొత్తబిల్డర్
రెండు రోజుల తర్వాత రాస్తున్నా. ఎక్స్‌టెన్షన్ వైరుతో అడాప్టర్ టేబుల్ పైకి వచ్చింది, నల్ల పోర్టు, 5 గిగాహెర్ట్జ్, టిక్కు తీసేశా. 40 కాస్తా 130 అయింది! అదే అడాప్టర్! నమ్మలేకపోయాను. పావుగంటకోసారి తెగేది కూడా పోయింది.

కానీ పూర్తిగా పోలేదు. నిన్న రెండుసార్లు, ఇవాళ ఒకసారి పడింది. రెండు పింగ్ విండోలూ పెట్టాను, రెండూ ఒకేసారి ఆగాయి, అంటే మా గదికీ రౌటర్‌కీ మధ్యే. పడే ముందు ముట్టుకుని చూస్తే అడాప్టర్ బాగా వేడిగా ఉంది. మళ్లీ ఇంటర్వ్యూ వస్తే ఇదే టెన్షన్. ఇక మంచిది కొనేస్తాను, స్లాట్‌లో పెట్టేదా, యూఎస్‌బీదా?

స్క్రూడ్రైవర్
స్లాట్ ఖాళీగా ఉంటే పీసీఐఈ కార్డు. ఆలోచించక్కర్లేదు.

నిశాచరి
ఆలోచించాలి. నేను రెండేళ్లుగా యూఎస్‌బీదే వాడుతున్నా, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. గోరంతది కాదు, రెండు యాంటెన్నాలు పైకి లేచి ఉండే పెద్దది, వైరుతో ఉన్న స్టాండ్ మీద కూర్చుంటుంది. కేసు విప్పనక్కర్లేదు, రేపు ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది. యూఎస్‌బీ అంటేనే చెత్త అని తీసిపారేయడం అన్యాయం.

స్క్రూడ్రైవర్
నేను చెత్త అనలేదండీ. యూఎస్‌బీలో మధ్యలో ఒక మెట్టు ఎక్కువ. నిద్రలోంచి లేచినప్పుడు, పోర్టు కరెంటు తగ్గినప్పుడు పరికరం పోయి మళ్లీ రావడం నేను చాలా యంత్రాల్లో చూశాను. పీసీఐఈలో ఆ మెట్టు లేదు.

యాంటెన్నా_అన్న
ఇద్దరూ చెప్పింది నిజమే. నిశాచరి గారిది బాగా నడవడానికి కారణం యూఎస్‌బీ అవడం కాదు, యాంటెన్నా డబ్బా వెనక నుంచి బయటికి రావడం. అదే మాట పీసీఐఈకీ వర్తిస్తుంది. కార్డు కొని, రెండు కడ్డీ యాంటెన్నాలు కార్డుకే బిగించి, కేసుని మళ్లీ గోడ మూలకు తోసేస్తే పాత కథే. అందుకని పీసీఐఈ కొంటే యాంటెన్నాలు వైరుతో, అయస్కాంతం ఉన్న స్టాండ్‌తో వచ్చేది చూసి తీసుకో. స్టాండ్ టేబుల్ మీద పెట్టు. నా మట్టుకు అడాప్టర్ ఎంపికలో సగం ఇదే.

పెంగ్విన్‌ప్రియ
మిగతా సగం చిప్. డబ్బా మీద పేరు ఎవరిదైనా, లోపల చిప్ చేసేవాళ్లు కొద్దిమందే. ఇంటెల్, మీడియాటెక్, రియల్‌టెక్, క్వాల్‌కామ్. డ్రైవర్ బాగుందా లేదా అన్నది చిప్‌ని బట్టి ఉంటుంది. ఇక్కడ చిక్కేమిటంటే, కొన్ని మోడళ్లలో అదే పేరు, అదే డబ్బా, కానీ వెర్షన్ 2లో ఒక చిప్, వెర్షన్ 3లో ఇంకొకటి. రివ్యూ చదివింది ఒకదాని గురించి, ఇంటికొచ్చేది ఇంకొకటి. అందుకే చిప్ పేరు రాసి ఉన్నవే కొనండి.

నాది లినక్స్. చిప్ చూడకుండా కొన్న ఒక యూఎస్‌బీ అడాప్టర్ కోసం డ్రైవర్‌ని బయటి నుంచి తెచ్చి నేనే కంపైల్ చేసుకునేదాన్ని. కర్నెల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా నెట్ పోయేది, నెట్ లేకపోతే డ్రైవర్ తెచ్చుకోలేను. ఆ వారాలు తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే. ఇప్పుడు ఇంటెల్ ఏఎక్స్210 అనే వైఫై 6ఈ చిప్ వాడుతున్నా. కర్నెల్ 5.10 నుంచి లోపలే మద్దతు ఉంది, పెట్టగానే పనిచేసింది. మీది విండోస్ అయినా రేపు మనసు మారొచ్చు కదా.

కొత్తబిల్డర్
ఏఎక్స్210 అని వెతికితే ఏఎక్స్211 అని కూడా కనపడుతోంది. పెద్ద నంబరు మంచిదేనా?

స్క్రూడ్రైవర్
ఆగండి ఆగండి, 211 వద్దు! అది సీఎన్‌వీఐ రకం. అందులో వైఫై పని సగం ఇంటెల్ ప్రాసెసర్ పక్కనున్న చిప్‌సెట్‌లోనే జరుగుతుంది. దానికి మద్దతున్న ఇంటెల్ యంత్రాల్లో తప్ప ఎక్కడా పనిచేయదు. పీసీఐఈ అడాప్టర్ కార్డు మీద పెట్టినా రాదు. చూడ్డానికి మాత్రం 210, 211 అన్నదమ్ముల్లా ఉంటాయి. నేను ఒకసారి ఇలాంటిదే తెచ్చి స్నేహితుడి బోర్డులో పెట్టి, కనపడట్లేదేమిటని సాయంత్రమంతా తల పట్టుకున్నాను. 210 మామూలు పీసీఐఈ, ఏ బోర్డులోనైనా నడుస్తుంది.

ఛానెల్_36
వైఫై 7 వచ్చేసిందిగా, ఇప్పుడు 6ఈ కొనడం ఎందుకు? ఒకేసారి కొత్తదే తీసుకుంటే పోలా.

యాంటెన్నా_అన్న
@ఛానెల్_36 నీ రౌటర్ వైఫై 7ది అయితే తీసుకో. తమ్ముడి రౌటర్ ఏదో ఇంకా చెప్పలేదు. విండోస్‌లో వైఫై 7 నడవాలంటే 11లో 24హెచ్2 వెర్షన్ కావాలి. ఇంటెల్ వైఫై 7 చిప్ బీఈ200 ఏఎండీ బోర్డుల్లో మొండికేయొచ్చు, కొనే ముందు బోర్డు కంపెనీ ఏం రాసిందో చూడాలి. మీడియాటెక్ 7925 లాంటి చిప్‌తో వచ్చే కార్డులకు ఆ పేచీ లేదు. అతను అడిగింది కొత్తదనం కాదు, తెగకపోవడం. డ్రైవర్ బాగా పండిన చిప్పే అతనికి మేలు.

కొత్తబిల్డర్
రౌటర్ వైఫై 6. ప్రాసెసర్ ఏఎండీ. 6ఈ అంటే 6 గిగాహెర్ట్జ్ అంటున్నారు, అది నాకు పనికొస్తుందా?

యాంటెన్నా_అన్న
మీ రౌటర్‌కి 6 గిగాహెర్ట్జ్ లేదు, కాబట్టి ఇప్పుడు కాదు. రేపు రౌటర్ మార్చినా రెండు గోడల అవతల 6 కన్నా 5 నయం, పౌనఃపున్యం పెరిగే కొద్దీ గోడ మింగేది ఎక్కువ. 5లో కూడా ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ చాలు. రెండు యాంటెన్నాలతో లింకు 1201 వరకు వెళ్తుంది. 160 పెడితే అంకె 2402 అవుతుంది గానీ, వెడల్పు రెట్టింపైతే రొద కూడా రెట్టింపు వినపడుతుంది. దూరంలో ఉన్నవాళ్లకు అది చేటు.

రాగితీగ
వైరు వద్దన్నారు సరే, ఇంకో దారి చెప్తా, కొట్టిపారెయ్యకండి. పాత రౌటర్ ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని క్లయింట్ లేదా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచండి. అది ముందు గది రౌటర్‌తో వైఫైలో మాట్లాడుతుంది, దాని నుంచి కంప్యూటర్‌కి మూరెడు ఈథర్నెట్ వైరు. కంప్యూటర్‌కి డ్రైవరూ అక్కర్లేదు, విండోస్ కొత్తగా వేసినా మొదటి నిమిషం నుంచి నెట్ ఉంటుంది. మెష్ పెట్టెలకు (ఇల్లంతా వైఫై పరిచే జంట రౌటర్లు) వెనక పోర్టు ఉంటే అదీ ఇలాగే. మా నాన్నగారి కంప్యూటర్‌కి ఇదే చేశాను. మూడేళ్లయింది, ఆయన ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

నిశాచరి
ఇది నిజంగా బాగుంది. నాకు తట్టలేదు.

స్క్రూడ్రైవర్
ఒప్పుకుంటున్నా. కార్డుతో పాటు వచ్చే బ్లూటూత్ అక్కర్లేని వాళ్లకు మంచి దారి.

కొత్తబిల్డర్
మా దగ్గర పాత రౌటర్ లేదు, బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉంది. ఏఎక్స్210 ఉన్న పీసీఐఈ కార్డు, వైరు స్టాండ్ యాంటెన్నాలతో ఆర్డర్ పెట్టేశా. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

స్క్రూడ్రైవర్
1. డ్రైవర్లు రెండూ, వైఫైది, బ్లూటూత్‌ది, చిప్ కంపెనీ సైట్ నుంచే ముందే దించి డిస్క్‌లో పెట్టుకోండి. మర్చిపోతే ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఆ పూటకు నెట్ వస్తుంది.
2. కరెంటు ప్లగ్ పీకి, ఇనుప భాగం ముట్టుకుని అప్పుడు కార్డు పట్టుకోండి.
3. కార్డుతో ఒక చిన్న వైరు వస్తుంది. అది పారెయ్యకండి. బోర్డు అడుగున యూఎస్‌బీ 2 కోసం తొమ్మిది పిన్నుల దిమ్మ ఉంటుంది, దానికి గుచ్చాలి. వైఫై పీసీఐఈ మీద నడుస్తుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ మీద నడుస్తుంది. బ్లూటూత్ రావట్లేదు అని వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ వైరే.
4. యాంటెన్నా మరలు వేళ్లతో బిగిస్తే చాలు, పటకారు వాడొద్దు.

పెంగ్విన్‌ప్రియ
5. పాత అడాప్టర్ పీకేసి, దాని డ్రైవర్, దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేయండి. రెండూ ఉంటే విండోస్ ఒక్కోసారి పాతదాన్నే పట్టుకుంటుంది.

ఛానెల్_36
6. బోర్డు పుస్తకం చూడండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 డిస్క్ (బోర్డుకే గుచ్చే పల్చటి ఎస్‌ఎస్‌డీ) పెడితే చిన్న పీసీఐఈ స్లాట్ ఒకటి ఆగిపోతుంది. కార్డు కనపడకపోతే కంగారు పడకముందు అది చూసుకోవాలి.

కొత్తబిల్డర్
బిగించాను! వైఫై వెంటనే వచ్చింది. బ్లూటూత్ రాలేదు. వైరు గుచ్చాను, మూడో పాయింటు రెండుసార్లు చదివాను కూడా.

స్క్రూడ్రైవర్
దిమ్మ ఫోటో పెట్టండి.

కొత్తబిల్డర్
పెట్టాను, చూడండి.

స్క్రూడ్రైవర్
మీరు గుచ్చింది ముందు ఆడియో దిమ్మ. అదీ తొమ్మిది పిన్నులదే, కానీ పిన్ను లేని చోటు వేరు. పక్కన యూఎస్‌బీ అని రాసి ఉన్నది చూడండి. ముందు కరెంటు తీసేయండి.

కొత్తబిల్డర్
సరిచేశాను, బ్లూటూత్ వచ్చింది. అది ఎక్కుతోంది కదా అని కొంచెం నొక్కి పెట్టాను, భయమేసింది. ఏమీ కాలేదు. ప్రాణం లేచొచ్చింది స్క్రూడ్రైవర్ గారూ.

యాంటెన్నా_అన్న
ఇప్పుడు స్టాండ్ ఎక్కడ పెడితే బాగుందో కొలుచుకో, ఊహించకు. కమాండ్ విండోలో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని కొడితే సిగ్నల్ శాతంలో చూపిస్తుంది. డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ) లెక్కలో 100 అంటే మైనస్ 50, 66 అంటే సుమారు మైనస్ 67. వీడియో కాల్‌కి 66 కన్నా కిందకి పోనివ్వకు. మానిటర్ వెనక పెట్టి ఒకసారి, టేబుల్ అంచున ఒకసారి, కిటికీ గట్టు మీద ఒకసారి చూడు. ఒక యాంటెన్నా నిలువుగా, రెండోది వాల్చి పెట్టు.

కొత్తబిల్డర్
మానిటర్ వెనక 58. కేసు మీద 64. టేబుల్ అంచున, తలుపు వైపు 82! మూరెడు దూరంలో ఇంత తేడా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ని కాదు.

నిశాచరి
మానిటర్ వెనక కూడా రేకే ఉంటుంది మరి.

కొత్తబిల్డర్
అయిదు రోజులైంది. రౌటర్‌కి పింగ్ 2 నుంచి 5 మిల్లీసెకన్ల మధ్య నడుస్తోంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేశా, ఒక్క ప్యాకెట్టూ పోలేదు. స్పీడు 310. హార్డ్‌డిస్క్‌లోకి కాపీ పెట్టి, బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో గంటన్నర మీటింగ్ చేశాను, చెక్కుచెదరలేదు. ఆ ఇంటర్వ్యూ వాళ్లు రెండో రౌండ్‌కి పిలిచారు. నిన్న అయింది. ఈసారి అడిగినవన్నీ పూర్తిగా విన్నాను, పూర్తిగా చెప్పాను.

రాగితీగ
చాలా సంతోషం. వైరు మనిషిని అయినా చెప్తున్నా, 82 మంచి అంకె.

యాంటెన్నా_అన్న
శభాష్ తమ్ముడూ. ఉద్యోగం వచ్చాక ఇక్కడ రాయడం మర్చిపోకు.

మిట్టమధ్యాహ్నం
మొత్తం చదివాను. నాదీ ఇదే కష్టం, గోరంత యూఎస్‌బీ, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో పోయింది. వచ్చే వారం ఇంకో పరీక్ష ఉంది. నేనూ ఏఎక్స్210 కొనేయనా?

కొత్తబిల్డర్
@మిట్టమధ్యాహ్నం ఇంకా కొనకండి. అడాప్టర్ ఏ రంగు పోర్టులో ఉంది, పక్కన ఏముంది, ఏ బ్యాండు మీద ఉంది? ఫోన్‌ని అదే చోట పెడితే ఎంత వస్తోంది? రాత్రికి రాయండి, నేను చూస్తూ ఉంటాను.